ఎడమ పక్కన మూడు కాజాలు

ఇరవై రెండేళ్ళుగా కాజాలు కుడుతున్నాను,
కొరుక్కుపేట రైలు గేటు పక్కింట్లో,
మస్తాన్ టైలరు పంపే చొక్కాలకి.
చొక్కాకి ఏడు.
కాజాకి అప్పట్లో పావలా, ఇప్పుడు రూపాయిన్నర.

సూది కింద పడితే వంగేదాన్ని.
వంగితే వచ్చేది అది.
ముందు చెవుల్లో రైలు, తర్వాత గుండెలో.
జాకెట్టు తడిసి వీపుకంటుకునేది,
మొహం సున్నం కొట్టిన గోడయ్యేది.
పావుగంట.
ఆనక ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేది.

దేశమ్మ గాలి సోకిందంది, వేపమండలతో విసిరింది.
మందుల షాపువాడు నిద్రమాత్రలిచ్చాడు.
నా మొగుడు యతిరాజులు పుట్టు పిరికిదానివన్నాడు.
నేనూ అదే అనుకున్నాను.
తలుపు కొట్టినా, కుక్కర్ కూసినా, అసలేమీ లేకపోయినా
బెదిరే మనిషినని
ఇంటిపేరులా మోశాను.

డాక్టరు పొన్నిది మా పెద్దమ్మాయి వయసు.
నా మాట మధ్యలో తుంచకుండా విన్న మొదటి మనిషి.
ఒక పగలూ ఒక రాత్రీ ఒంటేలంతా పట్టి తెమ్మంది.
అయిదు లీటర్ల క్యాను, పసుపు గుడ్డసంచిలో,
షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని రాయపురం దాకా.
నూనె ఎక్కడ కొన్నావని అడిగింది పక్కావిడ.
మింట్ వీధిలో అన్నాను.

మూత్రపిండం నెత్తిన టోపీలా ఒక గ్రంథి ఉంటుందట.
ఆపదొస్తే ఒంటిని లేపి నిలబెట్టేది అదేనట.
నా ఎడమదాంట్లో రేగుపండంత గడ్డ,
ఎవరూ లేని వీధిలో
దొంగా దొంగా అని ఇన్నేళ్ళూ కేకలు.

కోతకి ముందు మూడు వారాలు మాత్రలు.
ఉప్పు బాగా తినమంది. బీపీ ఉన్నదాన్ని, ఉప్పు!
ఎండుచేప, ఊరగాయ, మజ్జిగలో ఇంకో చిటికెడు.
ఆ మాత్రలకి ముక్కు మూసుకుపోయి
రుచి మాత్రం తెలియలేదు.

ఆ రోజు కుడివైపుకి ఒత్తిగిలి పడుకోబెట్టారు.
పొట్టలోకి గాలి కొట్టారట.
మూడు బెజ్జాలు. ఒకదాంట్లో దీపమూ కన్నూ,
రెండింట్లో పొడుగు ఇనప వేళ్ళు.
తాకినప్పుడల్లా దానికి తెలిసిపోయి
ఆఖరి కేకలు పెట్టిందట,
మత్తు డాక్టరు తెరమీంచి కళ్ళు తియ్యలేదట.
నరానికి క్లిప్పు పడగానే
బీపీ బావిలో చేదలా జారితే
తాడు పట్టి నిలిపారట.
చిన్న సంచిలో వేసి, ఒక బెజ్జం కాస్త పెద్దది చేసి
ఇవతలికి.

ఇవన్నీ తర్వాత చెప్పినవి.
నాకు తెలిసిందల్లా భుజం నొప్పి.
కోసింది పక్కన, నొప్పి భుజాన ఏమిటంటే
మిగిలిపోయిన గాలి అంది నర్సు, తమిళంలో.
దేశమ్మకి చెప్పాలి, గాలి నిజమేనని.
నవ్వితే కుట్లు లాగాయి.

కట్టు విప్పాక చూసుకున్నాను.
మూడు కాజాలు. గుండీలు లేవు.
పనితనం ఫరవాలేదు,
నేనైతే ఇంకొంచెం దగ్గర దగ్గరగా వేసేదాన్ని.

ఇప్పుడు కుక్కర్ కూస్తుంది. వింటాను, అంతే.
యతిరాజులు అరుస్తాడు.
అరిచేటప్పుడు అతని ఎడమ కన్ను చిన్నదవుతుందని
ఇన్నాళ్ళకి చూశాను.
పిరికిదాన్ని కాకపోతే మరి నేనెవర్ని?
ఆ మాట ఏ రిపోర్టులోనూ రాయలేదు.

నిన్న నీళ్ళ లారీ వెనక్కి వస్తోంది.
దేశమ్మ మనవడు చక్రం దగ్గర బిందెతో ఆడుతున్నాడు.
గుండె ఎగిరింది, చెవుల్లో రైలు,
చెయ్యి దానంతటదే వాడి చొక్కా పట్టి లాగింది.
కాలవ గట్టున కూలబడ్డాను, వాణ్ణి ఒళ్ళో వేసుకుని.

కుడిపక్కది.
దీని గొంతు ఇలా ఉంటుందా?
ఇన్నేళ్ళ గోలలో ఒక్కసారీ వినపడలేదు.

నూరు లెక్కపెట్టేలోగా తగ్గిపోయింది.
వాడు ఏడుస్తున్నాడు, నేను పట్టు వదలకుండా చూస్తున్నాను,
చొక్కాకి రెండో గుండీ తెగిపోయింది.
కాజా చిరగలేదు.
నేను కుట్టిందే.